నెల్లూరు సిటీ: 90 ఓట్ల నుంచి 72,489 ఓట్ల దాకా

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "నెల్లూరు సిటీలో ఒకసారి 90 ఓట్లతో గెలుస్తారు, ఒకసారి 1,988తో, ఇంకోసారి ఏకంగా 72 వేలతో. ఊరు అదే, జనం వాళ్లే. అసలు ఈ సీటుకు ఒక లెక్కంటూ ఉందా? గాలి ఎటు వీస్తే అటేనా? ఆనం వాళ్ల కంచుకోట అనేవాళ్లు, అదేమైంది?"

నెల్లూరులో ఉంటూ చాలా ఏళ్లు ఎన్నికల వార్తలు రాసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ముందే ఒక మాట. గాలిని బట్టి పోయే సీటు కాదిది. మెజారిటీ అంకెలు చూసి ఈ సీటును అర్థం చేసుకోవాలనుకుంటే తప్పుదారి పడతారు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూడాలి. ఆ రెంటికీ తేడా ఎంతో చెప్పడానికే ఇంత పొడుగు సమాధానం.

మొదట కంచుకోట సంగతి తేల్చేద్దాం. మీరు చదివిన పాత వ్యాసాల్లో "నెల్లూరు" అని ఉంటుంది, కొత్తవాటిలో "నెల్లూరు సిటీ" అని ఉంటుంది. రెండూ ఒకటి కాదు. 2001 జనాభా లెక్కల మీద చేసిన పునర్విభజన 2008లో అమల్లోకి వచ్చింది. అప్పుడే పాత నెల్లూరు సీటు పోయి సిటీ, రూరల్ అని రెండు వచ్చాయి. రూరల్ అనగానే పల్లెలే అనుకుంటారు బయటివాళ్లు. కాదు. వేదాయపాళెం, బుజబుజ నెల్లూరు లాంటి కార్పొరేషన్ డివిజన్లు కూడా రూరల్‌లోనే ఉన్నాయి. సంతపేట, స్టోన్‌హౌస్‌పేట వైపు సిటీ. ఒకే ఊళ్లో అన్న ఓటు సిటీలో, తమ్ముడి ఓటు రూరల్‌లో ఉన్న కుటుంబాలు బోలెడు. ప్రచారం రోజుల్లో ఆటోలో మైకు వినిపిస్తుంటే "ఈయన మన క్యాండిడేటేనా, అవతల సీటా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

అందుకే 2004 ఫలితాన్ని, 2009 ఫలితాన్ని ఒకే పట్టికలో కిందా మీదా పెట్టి "ఫలానా పార్టీ బలం తగ్గింది" అంటే ఆ మాటకు విలువ లేదు. సరిహద్దు మారాక ఓటర్లే మారిపోయారు. పాత సీటును పాత సీటుగానే చూడాలి.

ఆ పాత సీటులో ఆనం కుటుంబం పేరు గట్టిగా వినిపించిన మాట నిజమే. ఆనం చెంచుసుబ్బారెడ్డి, అంటే ఊళ్లో అందరూ ఏసీ సుబ్బారెడ్డి అనే పెద్దాయన, తొలి దశాబ్దాల్లో ఎమ్మెల్యేగా, మంత్రిగా చేశారు. స్టేడియానికీ, ప్రభుత్వ మెడికల్ కాలేజీకీ ఉన్న పేరు ఆయనదే. తర్వాతి తరంలో ఆనం రామనారాయణరెడ్డి 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో తెలుగుదేశం తరఫున నెల్లూరు నుంచే మొదటిసారి అసెంబ్లీకి వెళ్లారు. 1985లో ఆయన రాపూరుకు మారారు. ఆ తర్వాత కాంగ్రెస్‌లో చేరి ఆర్థిక మంత్రి అయ్యారు, వైఎస్సార్‌సీపీ తరఫున వెంకటగిరిలో గెలిచారు, 2024లో మళ్లీ తెలుగుదేశం తరఫున ఆత్మకూరులో గెలిచి దేవాదాయ మంత్రి అయ్యారు. ఇక అన్న వివేకానందరెడ్డి 1999, 2004 రెండుసార్లూ నెల్లూరులో గెలిచారు. ఆయన మాట తీరు, వేషం, హాస్యం ఈ తరం వాళ్లకు వీడియోల్లో తెలుసు. 2018 ఏప్రిల్‌లో చనిపోయారు.

అయితే అప్పుడు కూడా మధ్యలో వేరేవాళ్లు గెలుస్తూనే ఉన్నారు. 1994లో తెలుగుదేశం తరఫున తాళ్లపాక రమేష్‌రెడ్డి గెలిచారు. జిల్లాలో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, ఎన్టీఆర్ మద్య నిషేధం హామీ, రెండూ కలిసిన ఎన్నిక అది. 1999లో రాష్ట్రం చంద్రబాబుకు పట్టం కడితే నెల్లూరు కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వివేకానందరెడ్డిని గెలిపించింది. "అధికార పార్టీ వెంటే" అనే సూత్రం అక్కడే తెగిపోయింది.

2008లో ఊరు రెండుగా చీలాక వివేకానందరెడ్డి 2009లో రూరల్‌కు వెళ్లి అక్కడ గెలిచారు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా సిటీలో ఆ కుటుంబం నుంచి ఎవరూ గెలవలేదు. అంటే "నెల్లూరు సిటీ ఆనం వాళ్ల కంచుకోట" అనే మాట సిటీ సీటు పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా నిజం కాలేదు. పాత పేరు మీద ఉన్న కీర్తి కొత్త సీటుకు అంటుకుంది, అంతే.

ఇప్పుడు అసలు సిటీ సీటుకు వద్దాం.

2009 ఏప్రిల్ 23న, రెండో విడతలో, మా జిల్లాకు పోలింగ్ జరిగింది. కాంగ్రెస్ నుంచి పి. అనిల్ కుమార్ యాదవ్, అప్పటికి బాగా కుర్రవాడు. చిరంజీవి ప్రజారాజ్యం నుంచి ముంగమూరు శ్రీధర కృష్ణారెడ్డి. తెలుగుదేశం టీఆర్‌ఎస్, వామపక్షాలతో కలిసి మహాకూటమి పేరుతో దిగింది. ఫలితం మీకు తెలిసిందే: ప్రజారాజ్యం 90 ఓట్లతో గెలిచింది. జిల్లాలోని పది సీట్లలో ఆ ఏడాది తెలుగుదేశానికి 5, కాంగ్రెస్‌కు 4 వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఇదే. రాష్ట్రం మొత్తం మీద ప్రజారాజ్యానికి వచ్చినవే 18. ఆ పద్దెనిమిదిలో నెల్లూరు సిటీ ఉందంటే, అదీ కాంగ్రెస్ రెండోసారి అధికారంలోకి వచ్చిన ఏడాదిలో, గాలి సిద్ధాంతం ఎంత బలహీనమో చూడండి.

90 ఓట్లు అంటే ఎంత? నగరంలో ఒక మాదిరి పోలింగ్ బూత్‌లో పడే ఓట్లలో పదో వంతుకు అటూ ఇటూ. 46 మంది అటు వేసింది ఇటు వేసి ఉంటే ఎమ్మెల్యే మారిపోయేవారు. ఎందుకంటే ఒక్క మనిషి మనసు మార్చుకుంటే తేడాలో రెండు కదులుతాయి: ఒకరికి ఒకటి తగ్గి, ఇంకొకరికి ఒకటి పెరుగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, 2024 దగ్గర పనికొస్తుంది. ఆ 90 ఓట్ల వెనక ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారు, ఏ వీధి ఓట్లు ఎటు తిప్పారు అని ఊళ్లో చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. నేను వాటిలోకి పోను. మూడు పార్టీలు బలంగా తలపడిన చోట ఇంత దగ్గరి ఫలితం రావడానికి కుట్ర ఉండాల్సిన పనిలేదు.

అప్పటికి నోటా (ఎవరూ వద్దు అనే మీట) లేదు, వేసిన ఓటును చీటీ మీద చూపే వీవీప్యాట్ లేదు. నోటా 2013లో వచ్చింది. 2009లోనే ఉండి ఉంటే ఆ ఎన్నిక గురించి ఇంకో నాలుగు కథలు పుట్టి ఉండేవి.

తర్వాత ఐదేళ్లలో పార్టీలే తలకిందులయ్యాయి. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జగన్ వేరే పార్టీ పెట్టారు. 2012లో కోవూరు అసెంబ్లీ, నెల్లూరు లోక్‌సభ ఉప ఎన్నికలు రెండూ వైఎస్సార్‌సీపీ గెలిచింది. రాష్ట్ర విభజనతో కాంగ్రెస్ ఇక్కడ ఖాళీ అయింది. ఇంత జరిగినా 2014లో సిటీ బరిలో ప్రధాన ప్రత్యర్థులు ఎవరో తెలుసా? మళ్లీ ఆ ఇద్దరే. అనిల్ ఈసారి వైఎస్సార్‌సీపీ, శ్రీధర కృష్ణారెడ్డి ఈసారి తెలుగుదేశం. మనుషులు వాళ్లే, ఇద్దరి జెండాలూ మారాయి. ఇలాంటి జత మీకు ఇంకెక్కడైనా దొరికితే నాకు చెప్పండి, నేనైతే పెద్దగా చూడలేదు.

అనిల్‌కు 74,372, శ్రీధర కృష్ణారెడ్డికి 55,285. తేడా 19,087. జిల్లాలో ఆసారి వైఎస్సార్‌సీపీకి 7, తెలుగుదేశానికి 3. రాష్ట్రంలో మాత్రం ప్రభుత్వం చంద్రబాబుది. అంటే కొత్త సీటు పుట్టాక మొదటి రెండు ఎన్నికల్లోనూ ఇక్కడ గెలిచిన పార్టీకి రాష్ట్రంలో అధికారం రాలేదు. గాలి వెంట పోయే సీటు అనేవాళ్లు ఈ రెండింటికీ సమాధానం చెప్పాలి.

2014లో ఇంకో తమాషా ఉంది. కార్పొరేషన్ ఎన్నికలు మార్చి 30న జరిగాయి కానీ, అసెంబ్లీ పోలింగ్ మీద ప్రభావం పడకూడదని లెక్కింపును మే 12 దాకా ఆపారు. అసెంబ్లీ పోలింగ్ మే 7న అయిపోయింది. అంటే ఊరివాళ్లు తమ కార్పొరేటర్ ఎవరో తెలియకుండానే ఎమ్మెల్యేకు ఓటేశారు. పెట్టెలు తెరిస్తే మేయర్ పీఠం వైఎస్సార్‌సీపీదే, అబ్దుల్ అజీజ్ మేయర్ అయ్యారు. కొన్నాళ్లకు ఆయన తెలుగుదేశంలోకి వెళ్లారు, 2019లో రూరల్ నుంచి ఆ పార్టీ అభ్యర్థి అయ్యారు. మా ఊళ్లో కండువాలు మారడం ఎంత మామూలు విషయమో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇక 2019. నన్నడిగితే ఈ సీటు చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ చదవాల్సిన ఎన్నిక ఇదే. అందరూ 2024 అంకె చూసి నోరు తెరుస్తారు. నాకు మాత్రం 2019 అంకె వింతగా ఉంటుంది.

తెలుగుదేశం అభ్యర్థి పొంగూరు నారాయణ, నారాయణ విద్యాసంస్థల అధిపతి, 2014 నుంచి చంద్రబాబు ప్రభుత్వంలో మున్సిపల్ శాఖ మంత్రి. అప్పటిదాకా ఆయన ఎమ్మెల్సీ. ప్రజల ముందుకు ఓటడగడానికి రావడం అదే మొదటిసారి. అవతల అనిల్, ఐదేళ్లు ప్రతిపక్ష ఎమ్మెల్యేగా వీధుల్లో కనిపించిన మనిషి. రాష్ట్రంలో వైఎస్సార్‌సీపీ 175లో 151 గెలిచింది. జిల్లాలో పదికి పది గెలిచింది. సిటీలో అనిల్‌కు 75,040, నారాయణకు 73,052. తేడా 1,988.

ఇప్పుడు 2014 అంకెలు పక్కన పెట్టి చూడండి. వైఎస్సార్‌సీపీ ఓటు 74,372 నుంచి 75,040. అంటే అంత పెద్ద ప్రభంజనంలో ఈ ఊళ్లో ఆ పార్టీకి కొత్తగా పెరిగింది 668 ఓట్లు. తెలుగుదేశానికి 55,285 నుంచి 73,052, అంటే 17,767 పెరిగాయి. రాష్ట్రమంతా తెలుగుదేశం కుప్పకూలిన ఏడాది, ఇక్కడ ఆ పార్టీ అభ్యర్థి తన పార్టీ ఓట్లకు దాదాపు పద్దెనిమిది వేలు కలిపారు! గెలిచింది వైఎస్సార్‌సీపీ, నిజమే. కానీ ఆ ఏడాది సిటీ ఓటు నడిచిన దారి రాష్ట్రం దారికి ఎదురు. గెలుపోటముల పట్టిక చూస్తే ఇది కనపడదు. "2014 వైసీపీ, 2019 వైసీపీ" అని రాసి ఉంటుంది, అంతే.

అదే రోజు, అదే ఊళ్లో, వీధి దాటితే వచ్చే రూరల్ సీటులో అదే పార్టీ అభ్యర్థి కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి 20,776 తేడాతో గెలిచారు. నెల్లూరు లోక్‌సభకు అదే పార్టీ నుంచి ఆదాల ప్రభాకర్‌రెడ్డికి 1,48,571 మెజారిటీ వచ్చింది. ఆ లోక్‌సభ కింద ఉన్న ఏడు సెగ్మెంట్లకు, అంటే ఏడు అసెంబ్లీ సీట్లకు, పంచితే సగటున 21 వేల పైన. సగటు అన్నాను కాబట్టి దాన్ని పట్టుకుని సిటీలో ఎంపీకి ఎంత లీడ్ వచ్చిందో ఊహించేయకండి, ఆ లెక్క వేరే ఉంటుంది. కానీ సిటీలో ఎమ్మెల్యే మెజారిటీ మాత్రం ఆ సగటులో పదో వంతు కూడా రాలేదని తెలుస్తోంది కదా. ఇది నారాయణ సొంతంగా తెచ్చుకున్న ఓటు. మంత్రిగా ఊరికి తెచ్చిన పనులు, విద్యాసంస్థల పలుకుబడి, ఖర్చుకు వెనకాడని ప్రచారం, ఈ మూడింట్లో ఏది ఎంత అని కొలిచే తూకం నా దగ్గర లేదు. ఆ పనుల్లోనే భాగమైన భూగర్భ డ్రైనేజీ కోసం తవ్విన రోడ్ల మీద జనానికి కోపం కూడా వచ్చింది. పని చేసినందుకు ఓటు పడింది, పని పూర్తి కాకముందే ఎన్నిక వచ్చినందుకు ఓటు పోయింది. రెండూ ఆయన ఖాతాలోనే పడ్డాయి.

ఆ 1,988 ఎంత సన్నటి గీతో చూడండి. 994 మంది అనిల్‌కు బదులు నారాయణకు వేసి ఉంటే ఇద్దరికీ సరిగ్గా 74,046. అప్పుడు చట్టం ప్రకారం లాటరీ తీయాలి. ఇంకొక్కరు మారితే నారాయణ ఎమ్మెల్యే. ఆ ఎన్నికలో జనసేన విడిగా పోటీ చేసింది, వామపక్షాలతోనూ బీఎస్పీతోనూ పొత్తు పెట్టుకుని. పోటీ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ మూడో పక్షం ఓటు ఏ కొంచెం కదిలినా ఫలితం మారేది.

అనిల్ మంత్రి అయ్యారు, జలవనరుల శాఖ. పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీలు ఏళ్ల తరబడి సాగుతూ వచ్చి చివరికి 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమయ్యాయి. అప్పటికి ఆయన మంత్రి పదవిలో లేరు. అదే ఏడాది ఏప్రిల్‌లో జరిగిన మార్పుల్లో ఆయన్ను తప్పించి జిల్లా నుంచి సర్వేపల్లి ఎమ్మెల్యే కాకాణి గోవర్ధన్‌రెడ్డిని తీసుకున్నారు. ఆ తర్వాత జిల్లాలో ఆ పార్టీ పరిస్థితి ఎలా ఉందో పేపర్ చదివిన వాళ్లందరికీ తెలుసు.

మధ్యలో 2021 నవంబర్ కార్పొరేషన్ ఎన్నిక ఒకటి ఉంది. 54 డివిజన్లకు 54 వైఎస్సార్‌సీపీవే. ప్రతిపక్షానికి ఒక్కటీ లేదు. ఫలితం వచ్చిన రెండు మూడు రోజులకే పెన్నాకు వరదొచ్చి ఊరు, కోవూరు దగ్గర హైవే దెబ్బతిన్నాయి కాబట్టి విజయోత్సవం గురించి ఎవరికీ పెద్దగా గుర్తులేదు. ఈ 54కి 54ను పట్టుకుని 2024లో సిటీ గ్యారంటీ అని రాసినవాళ్లను నేను చూశాను. రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీ స్థానిక ఎన్నికల్లో ఊడ్చేయడం మన దగ్గర కొత్త కాదు. కార్పొరేటర్ ఓటు వేరు. వీధి దీపం, కుళాయి, పింఛను కోసం ఎవరితో పని పడుతుందో చూసుకుని వేస్తారు. అసెంబ్లీ ఓటుకు అది ముందస్తు ఫలితం కాదు. రెండున్నరేళ్లకే అది రుజువైంది.

2023లో జిల్లాలో వైఎస్సార్‌సీపీ గోడ కూలడం మొదలైంది. రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన ఫోన్ ట్యాప్ చేస్తున్నారని ఆరోపించి పార్టీకి ఎదురు తిరిగారు. మార్చిలో ఆయన్ను, ఆనం రామనారాయణరెడ్డిని, ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డిని పార్టీ సస్పెండ్ చేసింది. ఆ వేటు పడిన నలుగురిలో ముగ్గురు మా జిల్లావాళ్లే. 2024 మొదట్లో ఆ పార్టీ రాజ్యసభ సభ్యుడిగా ఉన్న వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి కూడా తెలుగుదేశంలోకి వెళ్లిపోయారు. సిటీలో అనిల్‌ను పక్కకు తీసి నరసరావుపేట లోక్‌సభకు పంపారు, అక్కడ ఆయన ఓడిపోయారు. సిటీ టికెట్ డిప్యూటీ మేయర్ ఖలీల్ అహ్మద్‌కు ఇచ్చారు. ముస్లిం ఓటు గణనీయంగా ఉన్న సీటులో ముస్లిం అభ్యర్థిని పెట్టడం కాగితం మీద తెలివైన లెక్కే. కానీ ఎదురుగా ఉన్నది ఐదేళ్ల కింద అంత గాలిలోనే 73 వేలు తెచ్చుకున్న మనిషి. ఈసారి గాలి కూడా ఆయన వైపే ఉంది.

నారాయణకు 1,20,551. ఖలీల్‌కు 48,062. తేడా 72,489.

మీరు అడిగిన అసలు ముడి ఇక్కడే ఉంది: 1,988తో ఓడినాయన 72 వేలతో ఎలా గెలిచారు? ఊళ్లో డెబ్బై వేల మంది మనసు మార్చుకున్నారా? లేదు. వైఎస్సార్‌సీపీ ఓటు 75,040 నుంచి 48,062కు పడింది, అంటే 26,978 తగ్గింది. ఆ తగ్గినవాళ్లంతా నేరుగా నారాయణకే వేశారని అనుకుందాం. ఒక్కో మనిషికి తేడాలో రెండు కదులుతాయి కాబట్టి 53,956. అందులో పాత లోటు 1,988 తీసేస్తే 51,968 మెజారిటీ. మిగిలిన 20,521 ఎక్కడివి? 2014లో ఇద్దరు ప్రధాన అభ్యర్థుల ఓట్లు కలిపితే 1,29,657, 2019లో 1,48,092, 2024లో 1,68,613. 2019కీ 2024కీ మధ్య పెరిగింది సరిగ్గా ఆ 20,521. కొత్తగా ఓటు వచ్చిన పిల్లలు, పోయినసారి జనసేనకో మరొకరికో వేసి ఈసారి తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి వేసినవాళ్లు, పోయినసారి ఇంట్లో కూర్చుని ఈసారి క్యూలో నిలబడినవాళ్లు, అందరూ ఇందులో ఉన్నారు. నేనన్నది ఒక గీత గీసి చెప్పే లెక్క మాత్రమే. కచ్చితంగా ఎవరు ఎటు వెళ్లారో ఓటింగ్ యంత్రం చెప్పదు. చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు కూడా ఉంటారు కదా. కానీ మనసు మార్చుకున్నవాళ్లు ఇరవై ఏడు వేలకు అటూ ఇటూ ఉన్నా చాలు, 72 వేల మెజారిటీ వస్తుందని తెలియడానికి ఇది సరిపోతుంది.

ఇంకోలా చూడాలంటే, ఆ ఇద్దరి ఓట్లు కలిపి నూరనుకుంటే వైఎస్సార్‌సీపీ వాటా 2014లో 57, 2019లో 51కి కాస్త తక్కువ, 2024లో ఇరవై ఎనిమిదిన్నర. మూడు ఎన్నికల్లోనూ ఒకే వైపు జారింది. మధ్యలో ఒకసారి గెలిచినా జారుడు ఆగలేదు. 2019 రాత్రి బాణసంచా కాల్చినవాళ్లు ఈ లెక్క వేసుకుని ఉంటే, 2024లో ఆ సీటును ప్రయోగాలకు వాడేవాళ్లు కాదు అనేది నా అభిప్రాయం.

2024లో కూటమికి రాష్ట్రంలో 164 వచ్చాయి. పాత నెల్లూరు జిల్లాలోని పదికి పది తెలుగుదేశమే గెలిచింది. ఐదేళ్ల కింద వైఎస్సార్‌సీపీకి వచ్చిన పదే పూర్తిగా ఇటు తిరిగింది. అందుకని "ఇదంతా గాలే" అంటారు. గాలి ఉంది, కాదనను. కానీ రూరల్‌లో కోటంరెడ్డి మెజారిటీ 34 వేల పైచిలుకు, సిటీలో దానికి రెట్టింపు. ఊరు ఒకటే, పార్టీ ఒకటే, రోజు ఒకటే. రూరల్‌లో ఎదుట నిలబడింది సిట్టింగ్ ఎంపీ ఆదాల ప్రభాకర్‌రెడ్డి. సిటీలో ఎదుట ఉన్నది మొదటిసారి అసెంబ్లీకి పోటీచేసిన కార్పొరేటర్. ఆ తేడాను గాలి ఖాతాలో రాయలేం.

కులం సంగతి మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు అడుగుతారు. జిల్లా రాజకీయం రెడ్లదే అనే మాటకు బలమైన ఆధారాలే ఉన్నాయి. బెజవాడ గోపాలరెడ్డి నుంచి నేదురుమల్లి జనార్దనరెడ్డి దాకా ముఖ్యమంత్రుల పేర్లే చూడండి. సిటీ మాత్రం కొంచెం వేరు. 2009 తర్వాత గెలిచినవాళ్లలో ఒకరు యాదవ్, ఒకరు కాపు. చివరిసారి రెండో స్థానంలో నిలిచింది ముస్లిం. పల్లెల్లో ఉన్నట్టు ఒక పెద్ద కుటుంబం చెబితే గంపగుత్తగా పడే ఓటు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల దొరకదు. వ్యాపారులు, ఉద్యోగులు, అద్దె ఇళ్లలో ఉండే పల్లె కుటుంబాలు, కాలేజీల కోసం వచ్చి స్థిరపడ్డవాళ్లు, ఇలా కలగలుపు ఊరు. పోలింగ్ శాతం కూడా చుట్టుపక్కల పల్లె సీట్ల కంటే తక్కువే ఉంటుంది. అందుకే ఇక్కడ ఓటరును బూత్ దాకా తీసుకురాగల యంత్రాంగం ఉన్నవాడికి లాభం.

మీ ఒంగోలుతో పోల్చుకోవాలనుకుంటే ఒక సౌకర్యం ఉంది. ఒంగోలు ఊరు సిటీ, రూరల్ అని చీలలేదు. పట్టణం, ఒంగోలు మండలం, కొత్తపట్నం మండలం కలిసి ఒకే సీటు. పైగా 2014, 2019, 2024 మూడుసార్లూ వైఎస్సార్‌సీపీ నుంచి బాలినేని శ్రీనివాసరెడ్డి, తెలుగుదేశం నుంచి దామచర్ల జనార్దన్ ఇద్దరే తలపడ్డారు. 2019లో బాలినేని 22,245తో గెలిచారు, 2024లో జనార్దన్ 34,026తో గెలిచారు. మనుషులు మారలేదు, పార్టీలు మారలేదు, కాబట్టి అక్కడ గాలి ఎంత కదిలిందో కొలవడం తేలిక. 2019లో ఒంగోలులో వైఎస్సార్‌సీపీ 22 వేలతో గెలిచిన రోజే నెల్లూరు సిటీలో రెండు వేల లోపుతో బయటపడింది. రెండూ జిల్లా కేంద్రాలే. నేను చెప్పినదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మీ ఊరి నుంచే దొరికింది. (ఎంపీ సీటుకు మా నెల్లూరు వాళ్లను మీ మీదికి పంపే అలవాటు గురించి ఇక్కడ మాట్లాడను. మాగుంట వాళ్లు, అంతకుముందు మేకపాటి రాజమోహన్‌రెడ్డి, ఆ లిస్టు పెద్దది.)

మీరు దీని మీద లోతుగా రాయాలనుకుంటే పేపర్ క్లిప్పింగులు వదిలేసి ఫారం 20 తెచ్చుకోండి. బూత్‌ల వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. పోస్టల్ ఓట్లు విడిగా ఒక వరసలో ఉంటాయి, వాటిని మర్చిపోతే మొత్తం సరిపోదు. లోక్‌సభ ఫారం 20లో సిటీ సెగ్మెంట్ కూడా తీసి పక్కన పెడితే 2019లో క్రాస్ ఓటింగ్, అంటే ఎంపీకి ఒక పార్టీ, ఎమ్మెల్యేకు ఇంకో పార్టీ వేయడం, ఎంతో మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: బూత్ నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారతాయి. ఓటర్లు పెరిగితే ఒక బూత్ రెండవుతుంది, దాంతో కింద ఉన్నవన్నీ జరుగుతాయి. 2014లో 60వ నంబర్ బూత్, 2024లో 60వ నంబర్ బూత్ ఒకటే వీధి అనుకుని పోలిస్తే మూలాపేట ఓట్లు తీసుకెళ్లి నవాబుపేట ఖాతాలో రాసినట్టవుతుంది. పోలింగ్ కేంద్రం పేరు, స్కూలు పేరు, ఓటర్ల జాబితాలో వీధుల పేర్లు సరిచూసుకుని తర్వాతే లెక్కలోకి దిగండి. 2009 మాత్రం వేరే ఫైల్లో పెట్టుకోండి. మూడు పార్టీల పోటీని రెండు పార్టీల పోటీతో ఒకే గీత మీద పెట్టడానికి లేదు.